ఐదో ఏటి ముఖం

సెప్టెంబరు 24

ఐదేళ్ళప్పటి నన్ను ఏ ముఖంతో గీయాలి?

బొమ్మల కథలు మొదలుపెట్టిన రోజునుంచీ ఈ ప్రశ్న నా వెంటే ఉంది. ఇన్నాళ్ళూ పెద్దయ్యాక జరిగినవే గీస్తూ తప్పించుకున్నాను. నా మాంగాలో అందరూ మనుషులే, నేనొక్కదాన్నే కొంగని. పొడుగు మెడ, పెద్ద పాదాలు, ఎక్కడ నిలబడినా ఎవరికో అడ్డు. హార్మోన్ సూది కోసం వరసలో కూచున్న కొంగ. పేరు మార్చుకోవడానికి కోర్టుకి వెళ్ళి పాత పేరుతో సంతకం పెట్టొచ్చిన కొంగ. ఊరందరి స్నానశాలలో ఆడవాళ్ళ వైపు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోలేక షాంపూ కొనుక్కుని తిరిగొచ్చిన కొంగ. జనం నవ్వారు. నవ్వితే చాలనుకున్నాను.

ఇవాళ పత్రిక నుంచి హచియా ఫోన్ చేశాడు. ఎడిటర్లు మెత్తగా మాట్లాడుతున్నారంటే ఏదో అడగబోతున్నారనే.

"మినోబె గారూ, నవంబరు సంచికకి చిన్నప్పటిది ఒకటి ఇవ్వండి. ఆ నెల గుళ్ళ నిండా పిల్లలే కదా."

"కొంగపిల్ల గీస్తే?"

"మీ ఇష్టం. కానీ ఈసారి కొంగపిల్ల అయితే మీరు దాక్కున్నట్టుంటుందేమో."

సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

సెప్టెంబరు 26

ఫొటో బయటికి తీశాను. అసలుది అమ్మ దగ్గర కొమోరోలో ఉంది, నాన్న పటం పక్కన. ఇది నకలు.

మూడో ఏటా ఏడో ఏటా ఆడపిల్లల్ని గుడికి తీసుకెళ్తారు, ఐదో ఏట మగపిల్లల్ని. నన్ను ఐదో ఏట తీసుకెళ్ళారు. ఏడో ఏటి పండగ నాకు రాలేదు. ఆ వయసొచ్చేసరికి నాన్నా లేడు.

ఫొటోలో ముగ్గురం ఉన్నాం. నాన్న బస్సు డ్రైవరు కోటు కాకుండా పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. అమ్మ నవ్వీ నవ్వనట్టుంది. మధ్యలో నేను, మగపిల్లలకి కట్టే మడతల హకామాలో, ఎడంచేత మిఠాయి సంచి పట్టుకుని. కుడిచేయి చెదిరిపోయింది, కదిపి ఉంటాను.

ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఒక్కటే. టోఫు కొట్టువాళ్ళ రుమి నాకన్నా రెండేళ్ళు పెద్దది. దానికి ఏడో ఏడు. ఎత్తు చెక్కచెప్పులు వేసుకుంది, లోపల మువ్వలున్నవి. నడిచినంతసేపూ చిరిన్ చిరిన్ మని. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అసూయ అంటే ఏమిటో ఆ పేరు తెలియకముందే తెలిసింది.

సెప్టెంబరు 27

మగపిల్లాడిలా గీశాను. ఎవరి పిల్లాడినో గీసినట్టుంది.

ఆడపిల్లలా గీశాను. బాగుంది. బాగుండడమే ఇబ్బందిగా ఉంది.

కొంగపిల్లకి హకామా తొడిగాను. జోకులా ఉంది.

సెప్టెంబరు 28

త్సుకుమో ఫోన్. తనూ మాంగా గీస్తుంది. ఆడా కాదు మగా కాదు అని చెప్పుకోవడానికి మొదట్లో చాలా కష్టపడింది. తరవాత ఒకరోజు తనని తాను ముల్లంగిగా గీసుకుని ఊపిరి పీల్చుకుంది. యాభై ఏళ్ళ ముల్లంగి. ఆకులు మాత్రం జుట్టులా దువ్వుకుంటుంది.

"కొంగా! బతికున్నావా?"

నా గొడవ చెప్పాను.

"నాకా బాధ లేదమ్మా. మట్టిలో ఉన్నప్పుడూ ముల్లంగే, మార్కెట్‌కొచ్చాకా ముల్లంగే."

"నీకు సుఖమే."

"సుఖమా? మా అక్క నన్ను కేరెట్ అనుకుంటుంది ఇప్పటికీ." కాసేపు నవ్వి, "ఇంతకీ ఎవరి కోసం గీస్తున్నావు? మీ అమ్మ కోసమా, చదివేవాళ్ళ కోసమా?" అంది.

నా కోసం అన్నాను. 

సెప్టెంబరు 30

అమ్మ వస్తోంది. శుక్లాలు, రెండు కళ్ళూ. కొమోరోలో కూడా ఆ ఆపరేషన్ చేస్తారు. ఇక్కడే చేయించుకుంటానంది. ఎందుకని నేనడగలేదు.

నా పుస్తకాలు ఒక్కటీ అమ్మ చదవలేదు. కళ్ళు కనపడవు, అక్షరాలు చీమల్లా ఉంటాయి, అంటుంది. నిజమే, మాంగాలో అక్షరాలు చిన్నవే.

అక్టోబరు 2

అమ్మ దిగింది. ఒక సంచి నిండా ఆవకూర ఊరగాయ, ఇంకో సంచిలో చెస్ట్‌నట్లు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే, "ఇదిగో, నీ ఇంట్లో చీపురుందా, లేక అది కూడా బొమ్మేనా?" అంది.

అమ్మకి నేను "ఇదిగో"ని. పార్సిళ్ళ మీద "మినోబె" అని ఇంటిపేరు మాత్రం రాస్తుంది. పాత పేరు పెట్టి పిలవడం మానేసి చాలా ఏళ్ళయింది. చిగుసా అన్న కొత్త పేరు ఇంకా మొదలుపెట్టలేదు. ఈ మధ్యలో ఖాళీ ఉంది, అందులోనే ఇద్దరం సర్దుకుని కూచున్నాం. మర్యాదగానే ఉంటుంది.

రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను, ఈసారి ఆ గుడి రోజు గీస్తున్నానని.

అమ్మ చెస్ట్‌నట్ వలవడం ఆపలేదు. "ఏ రోజైనా గీసుకో. ఆ ఫొటో జోలికి మాత్రం పోకు."

"ఫొటో కాదమ్మా, నేను."

"నువ్వొక్కదానివే ఉన్నావా అందులో? మీ నాన్న ఉన్నాడు. నేనున్నాను. ఆ రోజు నాది కూడా. ఆ తరవాత ముగ్గురం కలిసి ఒక్క ఫొటో లేదు. నువ్వు అందులో ఇంకెవర్నో పెడితే, నా పక్కన నిలబడింది ఎవరు మరి?"

ఇంకో గిన్నె అన్నం పెట్టుకున్నాను. చెస్ట్‌నట్ అన్నం చాలా బాగుంది. ఆ మాటైనా చెప్పాల్సింది.

అక్టోబరు 3

గీయను. వేరే కథ ఇస్తానని హచియాకి చెప్పాలి.

అక్టోబరు 4

చెప్పలేదు.

అక్టోబరు 5

కుడి కన్ను అయింది. "డాక్టరు పిల్లాడిలా ఉన్నాడు. మీసం కూడా రాలేదు. వాడి చేతిలో కన్ను పెట్టాను" అని టాక్సీలో డ్రైవరుకి కూడా చెప్పింది.

పెన్సిల్‌తో గీసిన పేజీలు పంపాను హచియాకి. ఉపాయం తట్టింది. పిల్లని అన్ని గళ్ళలోనూ వెనక నుంచే చూపిస్తే? ముఖం గొడవే ఉండదు. వెనక నుంచి తల అంటే నల్లజుట్టే. పెన్సిల్‌తో ప్రతి తల మీదా ఇంటూ గుర్తు పెట్టేశాను. ఇంటూ ఉన్నచోట నలుపు నింపాలని మా పనిలో అందరికీ తెలుసు.

యూనివర్సిటీలో ఆత్మకథల మీద పెద్ద వ్యాసం రాశాను. తన గురించి రాసుకునేవాడు ఎప్పుడూ కొంచెం పక్కకి తిరిగే నిలబడతాడని ధీమాగా తేల్చాను. మార్కులు బాగా వచ్చాయి. ఇప్పుడు పిల్లని పూర్తిగా వెనక్కే తిప్పేశాను. ఆ ప్రొఫెసరు చూస్తే మార్కులు వెనక్కి తీసుకునేవారు.

అక్టోబరు 6

కట్టు విప్పారు. అమ్మ కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"ఆకాశం ఇంత నీలమా? ఇన్నేళ్ళూ టీ నీళ్ళలోంచి చూశానన్నమాట." తరవాత వంటింట్లోకి వెళ్ళి, "నీ ఇల్లు ఇంత మురికని తెలిస్తే ఆపరేషన్ చేయించుకునేదాన్ని కాదు" అంది. ఆ తరవాత అద్దం దగ్గరికి వెళ్ళి, "ఈ ముడతలెప్పుడొచ్చాయి? ఎవరూ చెప్పలేదేం?" అంది.

అప్పట్నుంచీ కనపడ్డదల్లా చదువుతోంది. మందు డబ్బా, సోయా సాసు సీసా, గ్యాసువాళ్ళ నోటీసు. అలమరాలో నా పుస్తకాలు ఆమె తలకి ఎదురుగానే ఉన్నాయి. వాటి మీద దుమ్ము మాత్రం తుడిచింది.

ఒక్క కన్నుతో మాంగా కష్టం. రెండోది కూడా అయ్యాక చదువుతుంది.

అక్టోబరు 8

హచియా వెనక్కి పంపాడు. "మొత్తం కథంతా వీపేనా? ఒక గడిలో అయితే అందం. అన్నింట్లోనూ అయితే చదివేవాళ్ళు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తూ ఉంటారు, మీరు తిప్పరు."

అతని మాట నిజమవడం నాకు నచ్చలేదు.

పిల్లని తిప్పాను. జుట్టు గీతలు చెరిపి, ముఖానికి గుండ్రంగా ఒక గీత గీసి లోపల ఖాళీ ఉంచాను. తరవాత చూద్దాం. గుడి, మెట్లు, నాన్న కోటు, అమ్మ కిమోనో, రుమి, రుమి చెప్పులు, అన్నిటికీ సిరా వేసేశాను. ముఖం ఒక్కటే మిగిలింది. ఎల్లుండి తరవాత పేజీలు తీసుకెళ్ళడానికి మనిషి వస్తాడు.

అక్టోబరు 9

అమ్మకి ఊరికే కూచోవడం చేతకాదు. కిటికీలు తుడిచింది, పక్కింటావిడ కుండీలు సర్దింది, ఆవిడ వద్దన్నా. పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇదిగో, నాకేమైనా పని చెప్పు."

"నలుపు నింపుతావా? కళ్ళకి పర్లేదా?"

"పిల్ల డాక్టరు చదువుకోవచ్చన్నాడు. నింపడం చదవడం కన్నా తేలికే కదా."

కుంచె ఇచ్చాను. ఇంటూ గుర్తు ఉన్నచోటల్లా నలుపు, గీత దాటకుండా, అని చూపించాను. నాన్న కోటుతో మొదలుపెట్టింది. నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి. నాన్న భుజం అంచు దగ్గర ఎంత నెమ్మదిగా పోయిందంటే, నేను చూడకుండా వేరే వైపు తిరిగాను.

ఆ ఫొటో జోలికి పోకు అన్న మాట మళ్ళీ రాలేదు. నేనూ ఎత్తలేదు. ఇవి ఏ పేజీలో ఆమెకి తెలియదనుకున్నాను. తెలియకుండా ఎలా ఉంటుంది, తన కిమోనో పువ్వులు తనే చూస్తుంటే.

మధ్యాహ్నం కాగితాలు కొనడానికి బయటికి వెళ్ళాను.

వచ్చేసరికి అమ్మ చేతులు కడుక్కుని, పేజీలన్నీ చాపమీద ఆరబెట్టి, గర్వంగా కూచుని ఉంది. "ఒక్క గీత దాటలేదు చూడు."

దాటలేదు. కోటు, గుడి కప్పు నీడ, రుమి జుట్టు, అన్నీ నున్నగా. ప్రతి గడిలోనూ పిల్ల ముఖం కూడా. గుండ్రంగా, నున్నగా, నల్లగా.

"అమ్మా... ముఖం."

"ముఖమేంటి?"

"ముఖాలు నింపేశావు."

"ఇంటూ ఉందిగా!"

వంగి చూశాను. ఉంది. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పెట్టినవి. జుట్టు చెరిపాను, ఇంటూలు సరిగ్గా చెరపలేదు. ఆ మిగిలిన లేత గీతలు నా కంటికి ఆనలేదు. కొత్త కంటితో చూసే మనిషికి స్పష్టంగా కనపడ్డాయి.

నేను నేలమీద కూలబడ్డాను. అమ్మ మోకాళ్ళ మీద కూచుని తల వంచింది, దుకాణంలో ఏదో పగలగొట్టినవాళ్ళు వంచినట్టు. "నేను... నువ్వు చెప్పినట్టే..."

"నీ తప్పు కాదు. నాదే. లే."

త్సుకుమోకి ఫోన్ చేశాను. "కంప్యూటర్లో గీసుకోవే అంటే వినవు. ఒక్క మీట నొక్కితే పోయేది" అని మొదట తిట్టింది. తరవాత, "తెల్ల సిరా వేసి రాత్రంతా కూచో. లేదా..." అని ఆగిపోయింది. "లేదా ఏంటి?" "ఏం లేదు. ఒకసారి దూరంగా పెట్టి చూడు."

దూరంగా పెట్టి చూశాను. అమ్మా వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడే మొదటిసారి పేజీల్ని పేజీలుగా చూస్తోంది, నింపాల్సిన ఖాళీలుగా కాకుండా. చాలాసేపు చూసింది.

"మువ్వ ఏది?" అంది.

"అదుగో. రుమి కాళ్ళ దగ్గర చిరిన్ అని రాశాగా."

"రుమిది కాదు. నీది."

"నాదేంటి?"

"నీ చేతిది. మీ నాన్న కట్టలేదూ?"

నా చేతి వంక చూసుకున్నాను.

"గుర్తులేదా? మెట్ల దగ్గర కూలబడ్డావు, ఇందాక కూలబడ్డట్టే. రుమి చెప్పులు కావాలని. ఏడిస్తే బాగుండేది, ఏడవలేదు. నోరు బిగించుకుని ఆ చెప్పుల వంకే చూస్తూ కూచున్నావు. బతిమాలాను. గిల్లాను కూడా. జనం చూస్తున్నారు, నాకు సిగ్గు. మీ నాన్న బస్సు తాళాలకి ఒక తాయెత్తు ఉండేది, దానికో మువ్వ. దాన్ని పళ్ళతో తెంపి, నీ కిమోనో కుడిచేతి లోపల దారంతో కట్టాడు. 'ఫొటోలో కనపడదులే' అన్నాడు నాతో. లేచావు. ఇక గుడంతా చేయి ఊపుకుంటూనే తిరిగావు. ఫొటో తీసేవాడు చేయి దించమని అరిచాడు, దించావా?"

ఫొటో తెచ్చాను. చెదిరిన కుడిచేయి.

ఇన్నేళ్ళూ ఆ చప్పుడు రుమిదనుకున్నాను. నా చేతిదే.

అమ్మ ఫొటోని కిటికీ వెలుతురుకి పట్టుకుని ఆపరేషనైన కంటితో చూసింది. "ఇందులో ఏం వినపడుతుంది?" అంది, నాతోనో నాన్నతోనో.

"అమ్మా. నాన్నకి తెలుసా?"

"ఏం తెలుసని?"

"నా సంగతి."

"మీ నాన్నకి గుడి తరవాత సోబా నూడుల్స్ తినాలని, ఆ కొట్టు మూసేస్తారేమోనని కంగారు. అది మాత్రం నాకు తెలుసు." ఫొటో బల్లమీద పెట్టింది. "ఏమో. పిల్ల ఊరుకుంటే చాలనుకున్నాడో, ఇంకేమైనా అనుకున్నాడో. తరవాత ఎప్పుడైనా అడుగుదామనుకున్నాను. మరుసటి చలికాలానికే పోయాడు కదా."

చీకటి పడకముందే నిర్ణయించాను. నల్లముఖాలు అలాగే ఉంచుతాను. రుమి కాళ్ళ దగ్గర రాసిన చప్పుడంతా తెల్లసిరాతో కొట్టేసి, పిల్ల చేతి దగ్గర రాస్తాను. మొదట చిన్నగా, తరవాత గడి అంచులు దాటేలా. ఫొటోలో లేనిది, మాంగాలో ఉన్నది చప్పుడే కదా. ఇది ఇన్నేళ్ళుగా నాకు తెలిసిన సంగతే, ఈ పనితోనే బతుకుతున్నాను.

అమ్మతో చెప్పాను. ఆమె పేజీల వంక చూసి, "ముఖం లేకపోయినా నా పక్కన నిలబడింది ఎవరో నాకు తెలుస్తుంది. చదివేవాళ్ళకి తెలియకపోతే పోనీ" అంది. తరవాత, "చప్పుడు మాత్రం గట్టిగా రాయి. మీ నాన్న పన్ను కదిలిపోయింది ఆ దెబ్బతో" అంది.

అక్టోబరు 11

పేజీలు వెళ్ళిపోయాయి. హచియా సాయంత్రం ఫోన్ చేశాడు.  "ముఖం గురించి అడుగుదామనుకున్నాను. చివరి పేజీ చూశాక అడగబుద్ధి కాలేదు" అన్నాడు. పెట్టేస్తూ ముక్కు చీదాడు. జలుబేమో.

అక్టోబరు 12

ఎడమ కన్ను కూడా అయింది.

అక్టోబరు 14

వంటింట్లోంచి, "ఏమే చిగుసా, ఈ ముల్లంగి ఎప్పటిది, మెత్తబడిపోయింది" అని అరిచింది.

నేను బల్ల దగ్గరే ఉండిపోయాను. జవాబివ్వకపోయేసరికి మళ్ళీ పిలిచింది, ఈసారి విసుగ్గా.

"మొన్నటిదే అమ్మా."

"మొన్నటిదా! అబద్ధాలు."

అక్టోబరు 17

రైలెక్కించాను. సంచిలో నా మొదటి పుస్తకం పెట్టాను, ఆమె చూస్తుండగానే. తీసేయలేదు. పైన ఊరగాయ డబ్బా పెట్టింది.

నవంబరు 15

సంచిక వచ్చింది. ఇవాళ ఇక్కడి గుడి దగ్గరకి వెళ్ళాను. పనేం లేదు. మెట్లనిండా పిల్లలు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు మిఠాయి నాకేస్తున్నారు. ఒక ఐదేళ్ళ పిల్లాడు, లేక పిల్ల, నాకెలా తెలుస్తుంది, చెట్టు వెనక నిలబడి ఎవరి చెప్పుల వంకో చూస్తూ కనపడింది. ఆ చెప్పులు కావాలనో, ఊరికేనో. నేనేం చెయ్యలేదు. చూశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఫోన్.

"చదివాను."

చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూచున్నాను.

"గుడి మెట్లు తప్పు గీశావు. రాతి దీపం ఎడమవైపు ఉంటుంది, నువ్వు కుడివైపు పెట్టావు. మీ నాన్న అంత పొడుగు కాదు. నేనంత లావు కాదు."

"సరే."

"ఆ కొంగ పుస్తకం కూడా చదివాను. స్నానశాలది." ఫోన్‌లో పేజీ తిప్పిన చప్పుడైంది. "షాంపూ ఇంట్లో ఉండగా మళ్ళీ ఎందుకు కొన్నావు? కొమోరో రా. ఇక్కడి వేడినీళ్ళ ఇల్లు నడిపే ఆవిడ నాకు తెలుసు. పొద్దున్నే ఎవరూ ఉండరు. ఇద్దరం వెళ్దాం."

వస్తానన్నాను. ముక్కు చీదాను, ఆమె జలుబనుకుంది. అనుకోనీ.

హచియా ఇవాళే రాశాడు, వచ్చే ఏడాది పుస్తకంగా వేస్తారట. ముఖాలు మార్చాలనుకుంటే అప్పుడు మార్చుకోవచ్చట. వద్దని రాద్దామని కూచున్నాను, రాయలేదు. మార్చాలని రాద్దామనుకున్నాను, అదీ రాయలేదు.

ఆ పిల్ల ముఖం నల్లగా ఉండడం దాక్కోవడమా, లేక అదే దాని ముఖమా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న ఆ మువ్వ ఏమనుకుని కట్టాడో కూడా తెలియదు. ఆయన సోబా కోసం కంగారు పడి ఉండచ్చు. నాకోసం కూడా అయి ఉండచ్చు. రోజుకో రకంగా నమ్ముతున్నాను. ఇవాళ ఏది నమ్ముతున్నానో నిజంగా చెప్పలేను.